టీబీ క్రిమి, వర్లీ కప్ప, రాణీబాగ్ పెంగ్విన్: సందేహాలు - సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ముంబయి ఫోరస్ రోడ్, కామాఠిపుర గల్లీలు, వర్లీ చాళ్ళ నుంచి వచ్చినవే. అడిగిన తీరు వేరైనా అన్నిట్లో ఉన్న సందేహం ఒకటే. కళ్ళ ముందు జరిగే చిన్న మార్పుకూ, కోట్ల ఏళ్ళలో ఒక ప్రాణి ఇంకో ప్రాణిగా మారడానికీ సంబంధం ఏమిటని. అందుకే ఈసారి పేజీ అంతా దీనికే ఇస్తున్నాను.

*మా పక్క ఖోలీ అన్నకు టీబీ. ఆర్నెల్లు మింగాల్సిన మందులు రెండు నెలలకే బంద్ చేసిండు. మళ్ళ దగ్గు మొదలైంది. పాత మందు పని చేస్తలేదని దవాఖానాల చెప్పిండ్రు. ఒంటికి మందు అలవాటు పడ్డదని అందరంటున్నరు. నిజమేనా సార్?*
*కుట్టుమిషన్ మీద పనిచేసే ఒక చెల్లెలు, కామాఠిపుర*

ఒంటికి ఏమీ అలవాటు కాలేదమ్మా. మారింది ఆయన కాదు, ఆయన ఊపిరితిత్తుల్లో ఉన్న క్రిముల గుంపు. ఈ రెండింటి తేడా తెలిస్తే పరిణామం సగం అర్థమైనట్టే.

టీబీ ముదిరినవాళ్ళ ఊపిరితిత్తిలో గుంట పడుతుంది. ఆ ఒక్క గుంటలోనే కోట్ల క్రిములు ఉండొచ్చు. ఒక్కో క్రిమి రెండుగా చీలేటప్పుడు తనలోని రాతను నకలు తీసుకుంటుంది. ఆ రాతలో దాదాపు 44 లక్షల అక్షరాలుంటాయి. అంత పెద్ద నకలులో ఎక్కడో ఒక చోట అక్షరం తప్పుపోవడం మామూలే. చాలా తప్పులు దేనికీ పనికిరావు, కొన్ని క్రిమినే చంపేస్తాయి. రిఫాంపిసిన్ అనే మందు క్రిమిలోని ఒక ఎంజైమును పట్టుకుని దాని పని ఆపేస్తుంది. ఆ ఎంజైమును తయారు చేసే జీన్‌లో సరిగ్గా ఒక చోట అక్షరం మారితే మందుకు పట్టు దొరకదు. అలాంటి క్రిమి ఆ మందు మింగకముందే గుంపులో ఒకటో రెండో ఉండి ఉంటుంది. మందు దాన్ని పుట్టించలేదు. దాని చుట్టూ ఉన్నవాటిని చంపి, దానికి చోటు ఖాళీ చేసింది.

మరి టీబీకి ఒకేసారి నాలుగు మందులు ఎందుకిస్తారు? లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక మందును తప్పించుకునే క్రిమి కోటికి ఒకటి ఉంటుంది, ఇంకో మందును తప్పించుకునేది కూడా కోటికి ఒకటే. రెండింటినీ ఒకేసారి తప్పించుకునే క్రిమి కావాలంటే కోటి కోట్లలో వెతకాలి. అన్ని క్రిములు ఏ గుంటలోనూ ఉండవు. మధ్యలో మానేసినా, నాలుగింటిలో ఒకటి తీసేసి మిగిలినవి మింగినా ఈ లెక్క తప్పిపోతుంది.

ఈ నగరం దీనికి పెద్ద మూల్యమే చెల్లించింది. 2011 చివర్లో ముంబయి హిందుజా ఆసుపత్రి డాక్టర్లు, పరీక్షించిన ఏ మందుకూ లొంగని టీబీ ఉన్న నలుగురు రోగుల గురించి వైద్య పత్రికలో రాశారు. దానికి పెట్టిన పేరు మీద తర్వాత వాదన నడిచింది, జబ్బు నిజమనే దాని మీద మాత్రం వాదన లేదు. ఇప్పుడు బెడాక్విలిన్ లాంటి కొత్త మందులు వచ్చాయి. ఆ అన్నను వెంటనే తీసుకెళ్ళి జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష చేయించండి, సర్కారు టీబీ కేంద్రంలో డబ్బు కట్టక్కర్లేదు. కళ్ళె ఇస్తే రెండు గంటల్లోపే ఆ యంత్రం నేను పైన చెప్పిన జీన్‌లో ఆ చోట అక్షరం మారిందో లేదో చూసి చెబుతుంది. పరిణామం జరిగిందా లేదా అని ఒక మనిషి కళ్ళెలో వెతికే యంత్రం అది.

*మీరు చెప్పేది ఒప్పుకుంటాను. దోమలు మందుకు లొంగకపోవడం, టీబీ మొండికేయడం చూస్తున్నదే. కానీ మొండి టీబీ క్రిమి కూడా చివరికి టీబీ క్రిమే కదా? కుక్క ఎంత మారినా కుక్కే. చిన్న మార్పు సరే, పెద్ద మార్పు ఎవరు చూశారు?*
*టాక్సీ నడిపే పాఠకుడు, ఫోరస్ రోడ్*

తమ్ముడూ, ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చింది మీదే. శాస్త్రవేత్తలే దీని మీద చాలా కాలం తర్జనభర్జన పడ్డారు. ఒక జాతి లోపల జరిగే మార్పును సూక్ష్మ పరిణామమనీ, జాతి హద్దు దాటిన మార్పును స్థూల పరిణామమనీ విడదీసి పేర్లు పెట్టింది యూరి ఫిలిప్‌చెంకో అనే రష్యా శాస్త్రవేత్త, 1927లో. రెండింటికీ కారణాలే వేరని ఆయన నమ్మకం. ఆయన దగ్గర పనిచేసిన డాబ్‌జాన్‌స్కీ ఆ మాటలు తీసుకున్నాడు గానీ ఆ నమ్మకం తీసుకోలేదు. 1937లో వేసిన తన పుస్తకంలో, ప్రస్తుతానికి రెండింటి మధ్యా సమానం గుర్తు పెట్టి పని సాగిద్దామన్నాడు.

ఇక టీబీ క్రిమి టీబీ క్రిమే కదా అన్న మాటకు వద్దాం. దాని దగ్గరి బంధువు ఒకటి ఈ నగరానికి బాగా తెలుసు. వడాలాలోని ఆక్వర్త్ ఆసుపత్రి 1890 నుంచి కుష్ఠు రోగులను చూస్తోంది. ఆ కుష్ఠు క్రిమి, టీబీ క్రిమి ఒకే కుదురు నుంచి వచ్చినవి. టీబీ క్రిమి రాతను 1998లో, కుష్ఠు క్రిమి రాతను 2001లో పూర్తిగా చదివారు. పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు నివ్వెరపోయారు. టీబీ క్రిమిలో దాదాపు 4,000 జీన్లు పనిచేస్తుంటే కుష్ఠు క్రిమిలో పనిచేసేవి దాదాపు 1,600 మాత్రమే. మిగతావి కొన్ని పూర్తిగా మాయమయ్యాయి. 1,100కు పైగా జీన్లు మాత్రం ఉన్నచోటనే చచ్చి పడున్నాయి.

మీరు టాక్సీలో లోయర్ పరేల్ మీదుగా ఎన్నిసార్లు పోయుంటారో. మాల్స్, అద్దాల మేడల మధ్య ఒక మిల్లు చిమ్నీ నిలబడి కనిపిస్తుంది. అందులోంచి పొగ రాదు, దాని కింద సాంచా లేదు. అయినా దాన్ని చూసి ఇక్కడ ఒకప్పుడు మిల్లు ఉండేదని, మన పద్మశాలీలు ఇక్కడే మూడు పాళీల్లో పనిచేశారని చిన్నపిల్లాడైనా చెప్పగలడు. కుష్ఠు క్రిమిలోని చచ్చిన జీన్లు అచ్చం ఆ చిమ్నీలే. వాటిలో చాలావాటికి జోడు జీన్ టీబీ క్రిమిలో ఇవాళ్టికీ పనిచేస్తోంది. ఇక్కడ ఒక అక్షరం పోయింది, అక్కడ మధ్యలో ఆగిపొమ్మనే గుర్తు పడింది. ఇదీ వాటి సంగతి.

ఆ చావుల్లో చాలావాటికి కారణమైన మార్పు మీరు ఒప్పుకున్న టీబీ మార్పు కంటే పెద్దది కాదు. అదీ అక్షరం మార్పే, ఇదీ అక్షరం మార్పే. మనిషి కణాల లోపల కాపురం పెట్టిన క్రిమికి బయట బతకడానికి కావలసిన జీన్లతో పని లేకపోయింది. పని లేని జీన్ పాడైనా క్రిమికి నష్టం లేదు. అలా ఒకటి తర్వాత ఒకటి వందల జీన్లు పోయేసరికి పూర్తిగా వేరే బతుకు తయారైంది. టీబీ క్రిమిని ప్రయోగశాలలో గాజు గిన్నెలో పెంచవచ్చు, దాదాపు 20 గంటలకు ఒకసారి రెండవుతుంది. కుష్ఠు క్రిమి రెండు కావడానికి రెండు వారాలు పడుతుంది, గాజు గిన్నెలో ఇప్పటిదాకా ఎవరూ పెంచలేకపోయారు. చిన్న మార్పులు ఒక హద్దు దగ్గర ఆగిపోతాయని చెప్పేవారు ఆ హద్దు 1,100 చచ్చిన జీన్లలో ఎన్నో జీన్ దగ్గర ఉందో చూపించాలి. జీన్లలో అలాంటి గోడ ఏదీ కనపడదు.

అయితే, చిన్నవి కూడితే పెద్దది వచ్చేస్తుంది, ఇక చెప్పేదేమీ లేదు అనుకుంటే అదీ తప్పే. ఆ ముక్క కింద వర్లీ పెద్దాయనకు రాసిన జవాబులో ఉంది.

*సార్, టీబీ క్రిములు నెలల్లో మారిపోతే, దోమలు కొన్నేళ్ళలో మారిపోతే, పెద్ద మార్పులకు కోట్ల సంవత్సరాలు ఎందుకు పట్టాయి? మా పదో తరగతి పుస్తకంలో పరిణామం పాఠం తీసేశారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.*
*విద్యార్థిని, నాగ్‌పాడా*

అవునమ్మా, 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో ఆ భాగం లేదు. 30 ఏళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, అది నాకు చాలా బాధ కలిగించింది. నువ్వు అడగడం మానకు.

హాజీ అలీ దగ్గరికి పోయి గంటసేపు నిలబడు. పోటు వేళ నీళ్ళు ఎక్కి దర్గాకు పోయే దారి మునిగిపోతుంది. ఆ గంటలో నీటి మట్టం ఎంత పెరిగిందో కొలిచి, ఇదే వేగంతో నూరేళ్ళు పెరిగితే అని గుణిస్తే ముంబయి ఆకాశమంత ఎత్తు నీళ్ళలో మునగాలి. నిజంగా గడిచిన నూరేళ్ళలో వచ్చిన తేడాను కొలిస్తే అది ఒక చేతి పొడవు కూడా లేదు. మధ్యలో నీళ్ళు ఎక్కి దిగి, ఎక్కి దిగి ఉంటాయి కాబట్టి.

ప్రాణుల్లోనూ అంతే. గలపాగోస్ దీవుల్లో గ్రాంట్ దంపతులు ఒకే ఫించ్ పిట్టల గుంపును దశాబ్దాలపాటు కొలిచారు. 1977 కరువులో గట్టి గింజలే మిగిలాయి, లావు ముక్కు పిట్టలు బతికాయి, వాటి పిల్లల ముక్కులూ లావెక్కాయి. 1983లో విపరీతంగా వానలు పడి చిన్న గింజలు పెరిగాయి. ఆ తర్వాత చిన్న ముక్కులకు మేలు జరిగింది. ముక్కు ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయింది. శిలాజాల్లో మనకు కనపడేది ఈ పోటూ ఆటూ అన్నీ పోగా నికరంగా మిగిలిన మార్పు. తక్కువ కాలానికి కొలిస్తే వేగం ఎక్కువగా, ఎక్కువ కాలానికి కొలిస్తే తక్కువగా కనపడుతుందని ఫిలిప్ జింజెరిచ్ 1983లో లెక్కలతో చూపించాడు. కాబట్టి నీ ప్రశ్నను తిరగేసి అడగాలి. చిన్న మార్పుల వేగం పెద్ద మార్పులకు సరిపోతుందా అని అనుమానపడేవాళ్ళున్నారు. నిజానికి అది అవసరమైన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ వేగాన్ని కొలవడానికి ఒక కొలమానం ఉంది. దాని పేరు డార్విన్. ఆ కొలమానాన్ని 1949లో ప్రతిపాదించింది జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన పేరు తెలుగు పిల్లలు గుర్తు పెట్టుకోవాలి. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేశాడు, ఇక్కడి పౌరుడయ్యాడు. మన పిఠాపురం నుంచి వెళ్ళిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో చనిపోయే ముందు తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ విద్యార్థుల చదువుకు రాసిచ్చాడు. ఒక గుంపులో జీన్లు తరం తరానికి ఎలా పెరుగుతాయో తరుగుతాయో లెక్కగట్టినవాడూ ఆయనే, గుర్రాల పళ్ళ శిలాజాల్లో లక్షల ఏళ్ళ మార్పును కొలిచే పద్ధతి చెప్పినవాడూ ఆయనే. చిన్నదాన్నీ పెద్దదాన్నీ ఒకే బల్ల మీద పెట్టి చూడడం ఆయనకు సహజం.

*మా బాబుతో రాణీబాగ్‌ల పెంగ్విన్లను చూసి వచ్చినం. రెక్కలున్నయి కదా, ఎందుకు ఎగురయి అని వాడు. రెక్క పోయి తెడ్డు అయ్యేలోపల మధ్యల ఉన్న పక్షి ఎగరలేక, ఈదలేక చచ్చిపోదా అని మా ఆయన. ఇద్దరికీ ఏం చెప్పాలె?*
*ఒక అమ్మ, ఫోరస్ రోడ్*

బైకల్లాలోని రాణీబాగ్ జూలో ఉన్న ఆ హంబోల్ట్ పెంగ్విన్లు 2016లో వచ్చాయి. వాటి సొంత సముద్రం పెరూ, చిలీ దేశాల ఒడ్డున ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు బాబుకు అద్దం దగ్గర నీటి అడుగున చూడమనండి. పెంగ్విన్ నీళ్ళలో చేసేది ఎగరడమే. పావురం గాలిలో రెక్క కొట్టినట్టు ఇది నీటిలో కొడుతుంది. ఆ తెడ్డు లోపల మన చేతిలో ఉన్నట్టే భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, అక్కడి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు. ఎముకలు అవే, చపటగా, బిర్రుగా, బరువుగా మారాయి అంతే.

మీ ఆయన అడిగినదానికి జవాబు చెప్పే పక్షులు బతికే ఉన్నాయి. ఉత్తర సముద్రాల్లో మర్ అనే పక్షి అదే రెక్కతో గాలిలో ఎగురుతుంది, అదే రెక్కతో నీటిలో లోతుకు ఈదుతుంది. రెండూ చేస్తుంది కాబట్టి రెండింటిలోనూ కొంత నష్టపోతుంది. దాని ఎగురుడుకు ఖర్చయ్యే శక్తిని కొలిస్తే అది పక్షుల్లోకెల్లా చాలా ఎక్కువని తేలింది. అయినా చావలేదు, లక్షల సంఖ్యలో బతుకుతోంది. ఎగరాల్సిన అవసరం తప్పిపోయిన చోట అలాంటి పక్షి రెక్క ఈతవైపే మొగ్గుతుంది. న్యూజీలాండ్‌లో దొరికిన వైమాను అనే పాత పెంగ్విన్ శిలాజం దాదాపు 6 కోట్ల ఏళ్ళ కిందటిది. అది అప్పటికే ఎగరదు, కానీ దాని రెక్క ఇప్పటి తెడ్డంతగా మారలేదు. మధ్యలో ఉన్న ప్రతి పక్షీ తన కాలానికి పూర్తి పక్షే. ముందు ముందు తెడ్డు కావాలని ఏ రెక్కా ఎదురు చూడలేదు.

*నేను రిటైరైన మిల్లు కార్మికుణ్ణి. 40 ఏండ్లసంది వర్లీల ఉంటున్న. వర్లీ గుట్ట రాళ్ళల్ల కప్పలు దొరికినయని ఎన్నడో విన్న. నిజమేనా? అప్పుడూ కప్పే, ఇప్పుడూ కప్పే అయితే మరి పరిణామం ఏడ జరిగినట్టు?*

పెద్దాయనకు నమస్కారం. నిజమే. మీరు నడిచే నేల కిందివే ఆ కప్పలు. బొంబాయి రాళ్ళలో దొరికిన చిట్టి కప్ప ఎముకలను 1847లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ వర్ణించాడు. డైనోసార్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. కప్ప మరీ చిన్నది కాబట్టి చిన్నది అనే అర్థం వచ్చే లాటిన్ మాటే దానికి పేరుగా పెట్టాడు. ఇప్పుడు దాన్ని ఇండోబాట్రాకస్ అంటారు. దక్కను అంతా లావా పొరలు పొరలుగా పారిన కాలం అది. ఒక పొర చల్లారాక దాని మీద మడుగులు కట్టాయి. ఆ మడుగుల్లో కప్పలు, తాబేళ్ళు బతికాయి. వాటి బురద మీద మళ్ళీ లావా వచ్చింది. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి మాట.

అప్పుడూ కప్పే, ఇప్పుడూ కప్పే అన్నారు. కప్ప అనేది ఒక ప్రాణి పేరు కాదు, ఒక పెద్ద వంశం పేరు. ఇవాళ ప్రపంచంలో 7 వేలకు పైగా కప్ప జాతులున్నాయి. చెట్టెక్కేవి, మట్టిలో దూరేవి, ఎడారిలో నిద్రపోయేవి. 2017లో ఈ జాతుల జీన్లను పోల్చి వంశవృక్షం గీస్తే, నూటికి 88 కప్ప జాతులు మూడే మూడు శాఖల నుంచి వచ్చాయని, ఆ మూడూ డైనోసార్లు పోయిన వెంటనే విస్తరించడం మొదలుపెట్టాయని తేలింది. మీ వర్లీ కప్ప సరిగ్గా ఆ తలుపు తెరుచుకున్న రోజుల్లో బతికింది.

టాక్సీ తమ్ముడికి బాకీ పడ్డ మాట ఇదే. ఆ రోజుల్లోనే మెక్సికో దగ్గర పెద్ద ఉల్క పడింది, ఇక్కడ లావా పారింది. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు అన్నది ఏ మడుగులో ఏ కప్ప పక్క కప్ప కంటే ఎంత బాగా ఈదింది అనేదాన్ని బట్టి తేలలేదు. అంతకు ముందు కోట్ల ఏళ్ళు బాగా బతికిన ప్రాణులు కూడా పోయాయి. మిగిలిన కప్పల్లో తర్వాత జరిగింది మాత్రం మళ్ళీ పాత పనే. నకలులో తప్పు పడడం, పనికొచ్చింది నిలవడం, కొండకో నదికో అటూ ఇటూ పడ్డ గుంపులు విడిపోవడం. మార్పు చేసే యంత్రం ఒకటే. దాన్ని ఏ దారిలో నడిపించాలో భూమి చరిత్ర కూడా నిర్ణయిస్తుంది. టీబీ గుంటను ఎంతకాలం చూసినా ఉల్క గురించి తెలియదు. ఉల్క గురించి ఎంత చదివినా కొత్త కప్ప ఎలా తయారైందో తెలియదు. రెండూ చదవాల్సిందే.

మరి చాలా జాతులు లక్షల ఏళ్ళు ఉన్నట్టే ఉండి, మారినప్పుడు మాత్రం తొందరగా మారినట్టు శిలాజాల్లో కనపడుతుందని 1972లో ఎల్‌డ్రెడ్జ్, గూల్డ్ అన్నారు. ఆ తొందర కూడా వేల ఏళ్ళదే. రాతి పొరలో అది ఒక గీతంత మందం.

*మా తాత పాలమూరు నుంచి వచ్చిండు. మా పిల్లల తెలుగుల సగం మరాఠీ, సగం హిందీ. ఊరికి పోతే వాళ్ళ మాట ఎవరికీ సమజైతలేదు. మనుషులు కూడా గిట్లనే వేరే జాతి అయితరా?*

భాష పోలిక మంచిదే, దాన్ని సరైన చోట ఆపాలి. తెలుగు, గోండి, కువి ఒకప్పుడు ఒకే భాష. ఏ తల్లీ తన బిడ్డ మాట అర్థం కాక నిద్ర లేవలేదు. ప్రతి తరం ముందు తరంతో మాట్లాడింది, అయినా చివరికి గోండి వేరు, తెలుగు వేరు అయ్యాయి. జాతులు విడిపోయేదీ మామూలుగా ఇలాగే, ఒక జాతి తల్లికి ఇంకో జాతి పిల్ల పుట్టదు.

మనుషుల విషయంలో ఆ భయం అక్కర్లేదు. విడిపోవాలంటే గుంపుల మధ్య పెళ్ళిళ్ళు, పిల్లలు వేల తరాలపాటు ఆగిపోవాలి. ముంబయిలో జరుగుతున్నది దానికి పూర్తిగా ఎదురు. మన జాతి వయసు దాదాపు మూడు లక్షల ఏళ్ళు, ఇవాళ్టి మనుషులంతా ఆ ఒక్క జాతే, పాలమూరులోనైనా పెరూలోనైనా. పిల్లలకు తెలుగు నేర్పండి, అది మన చేతిలో ఉన్న పని.

*సెలవుల్లో పిల్లలను హైదరాబాద్ తీసుకుపోతున్నం. పరిణామం గురించి చూపించడానికి ఏమైనా ఉందా?*

బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. పి. యాదగిరి దానికి 1988లో పేరు పెట్టారు. పొడవు దాదాపు 9 మీటర్లు. తర్వాత వచ్చిన మహాకాయ డైనోసార్ల శరీర తీరు అప్పటికే వచ్చింది, కానీ తొడ ఎముకలో ఇంకా పాత చిన్న బంధువుల గుర్తులున్నాయి. పిల్లలు తల ఎత్తి మెడ వైపు చూస్తారు. వాళ్ళను పట్టుకుని వెనక కాళ్ళ దగ్గరికి తీసుకుపోండి, ఆ తొడ ఎముక చూపించండి.